గాలితో చెలిమి చేసిన శిల్పి

శిల్పమనగానే మన మనస్సుకు తోచేది స్థిరత్వం. శిలకు గాని, లోహానికి గాని, దారువుకు గాని ఒక రూపాన్నిచ్చి, ఆ రూపాన్ని కాలానికి ఎదురుగా నిలబెట్టడమే శిల్పి పని అని తరతరాలుగా లోకం నమ్ముతూ వచ్చింది. చలనాన్ని శిల్పులు ఎరుగకపోలేదు. చోళుల కాలపు నటరాజమూర్తిలో ఎత్తిన పాదమూ, ఎగిరే జటలూ, చుట్టూ జ్వలించే ప్రభామండలమూ తాండవ వేగాన్ని కన్నులకు కట్టిస్తాయి. అయితే ఆ వేగం చూచేవారి ఊహలో పుట్టే వేగం. కంచు మాత్రం కదలదు. ఏనాడో ఎత్తిన పాదం నేటికీ ఎత్తియే ఉన్నది.

ఇరవయ్యవ శతాబ్దంలో కొందరు శిల్పులు ఈ కట్టుబాటును తెంచివేశారు. కదలికను సూచించి ఊరుకోక, కదలికనే శిల్పానికి ముడిసరుకుగా గ్రహించారు. రష్యాలో జన్మించిన నౌమ్ గాబో 1920 ప్రాంతంలో ఒక సన్నని ఉక్కు కమ్మీని మోటారు సాయంతో కంపింపజేసి, ఆ కంపనమే ఒక ఆకృతిగా కనిపించేటట్లు చేశాడు. స్విట్జర్లండుకు చెందిన ఝాన్ టాంగ్లీ 1960లో న్యూయార్క్‌ ఆధునిక కళామ్యూజియం తోటలో, తనను తాను ధ్వంసం చేసుకొనే యంత్రాన్ని నెలకొల్పి జనాన్ని విస్మయపరచాడు. ఈ కోవకు చెందిన వారందరిలోనూ సామాన్య జనానికి మిక్కిలి చేరువైనవాడు అమెరికను శిల్పి అలెగ్జాండర్ కాల్డర్. రేకు ముక్కలనూ ఇనుప తీగెలనూ తీసుకొని, వాటిని గాలికి అప్పగించి, శిల్పరచనలో సగం పనిని గాలిచేత చేయించిన ఘనత ఆయనది.

ఈ కళలో ఒక చిక్కున్నది. రాతి విగ్రహాన్ని కాపాడాలంటే దానిని కదల్చకుండా ఉంచితే చాలును. కాల్డర్ శిల్పాన్ని కదలకుండా ఉంచితే శిల్పం మిగలదు. రేకులూ తీగెలూ మిగులుతాయి. భద్రపరచవలసిన వస్తువుకూ, బ్రతికించవలసిన చలనానికీ మధ్య ఏర్పడిన ఈ పెనుగులాట ఆయన జీవితకాలంలోనే మొదలై నేటికీ తెమలలేదు. కనుక కాల్డర్ కృతులను ఎక్కడ చూడవలెనని అడిగేవారికి మ్యూజియముల పేర్లు వల్లించితే చాలదు. అవి ఎక్కడ ఇంకా కదులుతున్నవో, ఎక్కడ నిలిచిపోయినవో కూడా చెప్పవలసి ఉంటుంది.

మూడు తరాల వారసత్వం

ఫిలడెల్ఫియా నగర సభాభవనపు గోపురాగ్రాన, పెన్సిల్వేనియాకు మూలపురుషుడైన విలియం పెన్ కంచు విగ్రహం 37 అడుగుల ఎత్తున నిలిచి ఉన్నది. దానిని మలచినవాడు స్కాట్లండు నుంచి వలస వచ్చిన అలెగ్జాండర్ మిల్న్ కాల్డర్. ఆ విగ్రహాన్ని 1894లో గోపురం మీదికి ఎక్కించారు. ఆ ఒక్క భవనానికే ఆయన చేసిన శిల్పాలు 250కి పైబడినవి. అక్కడినుంచి వాయవ్య దిశగా సాగే విశాలమైన రాజబాట మధ్యలో ఒక జలయంత్రమున్నది. ఆ ప్రాంతపు మూడు నదులు అందులో మానవాకృతి దాల్చి మేను వాల్చి ఉంటాయి. 1924 నాటి ఈ రచన మిల్న్ కాల్డర్ కుమారుడైన స్టిర్లింగ్ కాల్డర్‌ది. ఆ బాట చివర కళామ్యూజియం ఉన్నది. దాని ప్రధాన సోపానశాలలో కప్పు నుంచి తెల్లని రేకులు కొన్ని వ్రేలాడుతూ, తెలిసీ తెలియనట్లు తిరుగుతూ ఉంటాయి. 1964లో చేసిన ఈ 'ఘోస్ట్' మూడవ తరం వాడైన మన అలెగ్జాండర్ కాల్డర్ రచన. తాత కంచును నిలబెట్టాడు. తండ్రి నీటిని చిమ్మించాడు. మనుమడు గాలిని పట్టుకున్నాడు. ఒక కుటుంబపు చరిత్రను, ఒక కళ నడచిన బాటను, ఒకే వీధి పొడవునా చూడగలగడం లోకంలో అరుదు.

కాల్డర్ 1898లో ఫిలడెల్ఫియా చెంతనే జన్మించాడు. తల్లి నానెట్ చిత్రకారిణి. ఇంట అందరూ కళాకారులే అయినా, యువకుడు మొదట మొగ్గినది యంత్రశాస్త్రం వైపు. న్యూజెర్సీ రాష్ట్రంలోని స్టీవెన్స్ సాంకేతిక విద్యాలయంలో చదివి 1919లో పట్టం పుచ్చుకొన్నాడు. ఆ చదువు వృథా పోలేదు. భారం, సమతౌల్యం, కీలు, ఆనిక అన్న మాటలు ఆయనకు పుస్తకాల పాఠాలుగానే ఉండిపోక చేతివేళ్ళలోకి దిగినవి.

పట్టం పొందిన తరువాత కొన్నేళ్ళు ఏ కొలువులోనూ నిలువక తిరిగాడు. 1922లో న్యూయార్క్ నుంచి పనామా కాలువ మీదుగా సాన్‌ఫ్రాన్సిస్కోకు పోయే ప్రయాణికుల ఓడలో, ఆవిరి బాయిలర్ల వద్ద పనికి కుదిరాడు. గ్వాటెమాలా తీరానికి దూరంగా, ప్రశాంతమైన సముద్రం మీద ఒకనాటి వేకువను డెక్కుపై మేలుకొన్న ఆయనకు ఒక వైపున నిప్పు రంగున ఉదయించే సూర్యుడు, రెండవ వైపున వెండి నాణెంవలె చంద్రుడు ఒకేసారి కనిపించారు. రెండు గోళాలు, వాటి నడుమ ఎడం, ఆ ఎడంలో ఒక అదృశ్యమైన తూనిక. ఆ దృశ్యాన్ని కాల్డర్ తన జీవితంలో మరువలేదు. తన రూపరచనకు మూలం విశ్వవ్యవస్థయేనని ఆయన తరువాత పలుమారు చెప్పుకొన్నాడు. మరుసటి ఏడు, అనగా 1923లో, న్యూయార్క్‌లోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో చేరి చిత్రలేఖనం ఆరంభించాడు.

పెట్టెలో ఒదిగిన సర్కసు

ఒక వారపత్రికకు బొమ్మలు వేస్తూ, 1925లో కాల్డర్ రెండు వారాలపాటు సర్కసు డేరాలో గడపి అక్కడి ఆటగాండ్రనూ జంతువులనూ చిత్రించాడు. మరుసటి ఏడు పారిస్ చేరిన తరువాత, తీగె, బెండు, గుడ్డ పేలికలు, కొయ్య ముక్కలు చేర్చి ఒక సర్కసునే స్వయంగా సృష్టించాడు. అందులో ఉయ్యాలలపై ఎగిరేవారున్నారు, గారడీవారున్నారు, సింహమూ దానిని లొంగదీసే వాడూ ఉన్నారు. వాటన్నిటినీ పెట్టెలలో సర్దుకొని మిత్రుల ఇండ్లకు పోయి, నేలపై మోకరిల్లి, తన చేతులతో ఆడించి చూపించేవాడు. పెద్దమనిషి ఒకడు పసిపిల్లవానివలె నేలమీద కూర్చుండి తీగెబొమ్మలను ఎగురవేస్తూ ఉంటే, పారిస్ నగరపు మేటి కళాకారులు చుట్టూ చేరి చూచేవారు. వారిలో మిరో, లెజే, మోంద్రియాన్ మొదలగువారు ఉన్నారు.

మన తోలుబొమ్మలాటను ఎరిగినవారికి ఇందులోని కిటుకు సులభంగా బోధపడుతుంది. బొమ్మ దానంతట అది కళాఖండం కాదు. ఆట జరిగినంతసేపే అది బ్రతికి ఉంటుంది. ఉయ్యాల మీది తీగెబొమ్మ అవతలి ఉయ్యాలను అందుకొంటుందో లేక జారి పడుతుందో ఆడించేవానికి కూడా ముందుగా తెలియదు. ఆ క్షణంలో చూచేవారు ఊపిరి బిగపట్టేవారట. ఈ అనిశ్చితియే తరువాతి కాలంలో కాల్డర్ కళకు ప్రాణమైనది.

ఆ సర్కసు 1983లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం వశమైనది. అద్దాల వెనుక బొమ్మలు క్షేమంగా ఉన్నవి. ఆడించే చేతులు లేవు. అదృష్టవశాన 1961లో కార్లోస్ విలార్దెబో అనే దర్శకుడు ఆ ఆటను చలనచిత్రంగా తీశాడు. అప్పటికి తల నెరసిన కాల్డర్ అందులో తన సింహాన్ని తానే గర్జింపజేస్తూ కనిపిస్తాడు. సర్కసును చూడబోయేవారు ముందుగా ఆ చిత్రాన్ని చూచి, పిదప బొమ్మల దగ్గరకు పోవడం మేలు.

మోంద్రియాన్ గోడ

1930 అక్టోబరులో కాల్డర్ పారిస్‌లోని మోంద్రియాన్ చిత్రశాలకు వెళ్ళాడు. గది అంతటా తెలుపు. గోడపై ఎరుపు, పసుపు, నీలి రంగుల దీర్ఘచతురస్రాకారపు అట్ట ముక్కలు తాపడం చేసి ఉన్నవి. రెండు పక్కల నుంచి వెలుతురు వచ్చి వాటిపై పడుతున్నది. ఇవన్నీ కదిలితే ఎంత బాగుండునని కాల్డర్ అన్నాడు. గంభీరస్వభావుడైన మోంద్రియాన్ అందుకు ఒప్పుకొనక, ఆ అవసరం లేదనీ, తన చిత్రాలు అదివరకే మిక్కిలి వేగంగా పోతున్నవనీ జవాబిచ్చాడు. ఇద్దరి మాటల్లోనూ సత్యమున్నది. నటరాజమూర్తి వేగం వంటిదే మోంద్రియాన్ చెప్పిన వేగం కూడా. కాల్డర్‌కు కావలసిన వేగం వేరు.

తరువాతి ఏడాది ఆయన చిన్న మోటార్లతోనూ, చేతితో త్రిప్పే మరలతోనూ కదిలే శిల్పాలు చేశాడు. వాటిని చూచిన మార్సెల్ ద్యుషాంప్ 'మొబైల్' అని నామకరణం చేశాడు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు కదిలేది అనే అర్థంతో పాటు, ప్రేరణ అనే అర్థం కూడా ఉన్నది. నేడు ఆ మాట వినగానే జేబులోని టెలిఫోను తలపునకు రావచ్చును గాని, కళాలోకంలో అది 1931 నుంచి కాల్డర్ సొత్తు. ఆ పేరు విన్న మరొక మిత్రుడు ఝాన్ ఆర్ప్, అట్లయితే కదలకుండా నిలిచి ఉండే నీ పాత శిల్పాలు 'స్టేబిల్స్' అన్నమాట అని పరిహాసమాడాడు. కాల్డర్ ఆ పేరును కూడా స్వీకరించాడు. చరాచరములని మనవారు జగత్తును రెండుగా విభజించినట్లు, ఆయన సృష్టి కూడా అప్పటినుంచి రెండు పాయలుగా సాగింది.

కొంతకాలానికి మోటార్లపై ఆయనకు విముఖత కలిగింది. మోటారు ఒకే కదలికను మళ్ళీ మళ్ళీ త్రిప్పుతుంది. పదిసార్లు చూచిన తరువాత పదకొండవసారి చూడవలసినదేమీ మిగలదు. పైగా అది చెడిపోతే బాగుచేసే బాధ ఒకటి. గాలికి ఆ దోషం లేదు. గాలి ఒకసారి వచ్చినట్లు మరొకసారి రాదు. అందుచేత ఆయన మోటారును విడిచి గాలిని ఆశ్రయించాడు.

కావడి చెప్పే పాఠం

మొబైల్ నిర్మాణం చూడటానికి జటిలంగా ఉన్నా, దానిలోని సూత్రం మన పల్లెలలో కావడి మోసేవానికి తెలిసినదే. రెండు కడవలు సమానంగా నిండి ఉంటే కావడిబద్ద నడిమి భాగం భుజానికి ఆనుతుంది. ఒక కడవ బరువు హెచ్చయితే అతడు భుజాన్ని ఆ వైపునకు జరుపుకొంటాడు. బరువును దూరంతో హెచ్చవేస్తే వచ్చే మొత్తం రెండు వైపులా సమానం కావలెను. నాలుగు తులాల రేకు ఆనికకు జానెడు దూరంలో ఉంటే, ఒక్క తులం రేకు నాలుగు జానల దూరాన ఉండి దానిని తూచగలదు. చిన్న ఆకు పెద్ద గోళాన్ని నిలబెట్టడం చూచి ఆశ్చర్యపోయే ప్రేక్షకునికి రహస్యం ఆ దూరంలోనే ఉన్నది.

ఇటువంటి కావడులను ఒకదాని క్రింద ఒకటి వ్రేలాడదీస్తే మొబైల్ అవుతుంది. కట్టడం మాత్రం క్రింది కొస నుంచి పైకి సాగవలెను. మొదట చిట్టచివరి తీగెకు రెండు రేకులు తగిలించి, అది సమంగా నిలిచే చోటును వెదకి అక్కడ ఒక ఉంగరం చుడతారు. ఆ తీగె మొత్తాన్ని ఒకే బరువుగా భావించి పై తీగె కొసకు తగిలించి, రెండవ కొసకు మరొక రేకును కడతారు. మళ్ళీ తూనిక, మళ్ళీ ఉంగరం. ఈ విధంగా పైకి పోగా పోగా, మొత్తం భారం ఒకే ఒక్క బిందువు నుంచి వ్రేలాడుతుంది. ప్రతి తీగె తన ఉంగరం చుట్టూ స్వేచ్ఛగా తిరుగుతుంది. నిలువుగా ఉన్న రేకు తెరచాపవలె గాలిని పట్టుకొంటుంది. అడ్డంగా ఉన్న రేకు గాలికి కొంచెం లేచి దిగుతుంది. ఒక్కొక్క తీగె వేగం ఒక్కొక్క తీరు. కనుక ఒకసారి ఏర్పడిన అమరిక ఎంతసేపు వేచి చూచినా అదే విధంగా మరల ఏర్పడటం దుర్లభం. శిల్పి నియమాలను మాత్రం నిర్ణయించి తప్పుకొంటాడు. రూపాన్ని ఏ క్షణానికి ఆ క్షణం గాలి నిర్ణయిస్తుంది.

న్యూయార్క్ ఆధునిక కళామ్యూజియం 1939లో తన క్రొత్త భవనపు మెట్లదారి కోసం చేయించుకొన్న 'లాబ్‌స్టర్ ట్రాప్ అండ్ ఫిష్ టెయిల్' ఈ విధానానికి మంచి ఉదాహరణ. పైన రొయ్యను పోలిన ఆకృతి, ఒక వైపున తీగెల బుట్ట, మరొక వైపున నల్లని రేకుల గుంపు చేపల మందవలె విరిసి ఉంటుంది. మెట్లెక్కి పోయేవారి రాకపోకల వల్ల పుట్టే గాలి చాలును, ఆ చేపలు ఈదడానికి.

పాదరసం కథ

గాలి మాత్రమే కాక, ద్రవలోహం కూడా ఒకమారు కాల్డర్ చేతిలో శిల్పమైనది. 1937లో పారిస్‌లో అంతర్జాతీయ ప్రదర్శనం జరిగింది. అప్పటికి స్పెయిన్‌లో అంతర్యుద్ధం సాగుతున్నది. ప్రభుత్వ పక్షం వారు నెలకొల్పిన శాలలో పికాసో 'గెర్నికా'ను ప్రదర్శించాడు. ఆ చిత్రానికి ఎదుటనే ఒక జలయంత్రాన్ని నిర్మించే భారం స్పెయిన్ దేశస్థుడు కాని కాల్డర్‌కు అప్పగించారు. అందులో పారవలసినది నీరు కాదు, అల్మాడేన్ గనుల పాదరసం. ప్రపంచంలో పేరెన్నికగన్న ఆ గనులపై ఫ్రాంకో సేనలు కన్నువేసి ఉన్న రోజులవి. పాదరసం లోహాలను తినివేస్తుంది కనుక, దాని తాకిడికి ఓర్చేటట్లు పళ్ళెములకు కీలు పూసి, వంపు తిరిగిన ఆ పళ్ళెముల మీదుగా వెండి ధార జారి, ఒక కడ్డీని తాకి, పైన వ్రేలాడే రేకును ఊపేటట్లు కాల్డర్ అమర్చాడు. ఆ కొసన తీగెతో వ్రాసిన 'అల్మాడేన్' అనే పేరు గాలిలో ఊగేది.

ఆ ఫౌంటెను నేడు స్పెయిన్‌లోని బార్సిలోనా నగరంలో, మిరో సంస్థ భవనంలో ఉన్నది. పారిస్‌లో ఆనాటి స్పెయిన్ శాలను రూపొందించిన వాస్తుశిల్పులలో ఒకడైన సెర్ట్ ఈ భవనాన్ని కూడా నిర్మించడం విశేషం. పాదరసపు ఆవిరి విషం కాబట్టి దాని చుట్టూ అద్దపు గోడలు కట్టారు. ఇక్కడ రక్షణ కావలసినది శిల్పానికి కాదు, ప్రేక్షకునికి. అయినా అద్దం వెనుక ధార పారుతూనే ఉన్నది.

యుద్ధం నుంచి అహమ్మదాబాదు దాకా

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లోహం దొరకడం కష్టమయింది. కాల్డర్ కొయ్య ముక్కలు చెక్కి, వాటిని ఉక్కు తీగెలతో కలిపి 'నక్షత్రమండలాలు' అనదగిన శిల్పాలు చేశాడు. యుద్ధం ముగిసిన వెంటనే పారిస్‌లో ప్రదర్శనానికి పిలుపు వచ్చింది. విప్పి మడవడానికి వీలయ్యే శిల్పాలను చేసి, విమానపు తపాలాలో పంపగలిగినంత చిన్న పెట్టెలలో ఆయన వాటిని సముద్రం దాటించాడు. 1946లో జరిగిన ఆ ప్రదర్శనానికి పరిచయ వ్యాసం వ్రాసినవాడు తత్త్వవేత్త సార్త్ర్. 1952లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనంలో శిల్పానికి మహాబహుమతి కాల్డర్‌ను వరించింది.

మరుసటి ఏడు వెనెజువేలా రాజధాని కారకాస్‌లో, విశ్వవిద్యాలయపు మహాసభాశాలకు ఆయన పైకప్పు కూర్చాడు. వాస్తుశిల్పి విల్లనువేవా నిర్మించిన ఆ శాలలో, రంగురంగుల పెద్ద ఫలకలు మేఘాలవలె తేలుతూ ఉంటాయి. అవి కన్నులకు విందు మాత్రమే కాక, ధ్వనిని శాల అంతటా సమంగా పంచే సాధనాలు కూడా. ధ్వనిశాస్త్ర నిపుణుడు న్యూమన్ వాటి కొలతలూ చోటులూ నిర్ణయించాడు. ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

మన దేశానికీ కాల్డర్‌కూ ఒక బంధమున్నది. అహమ్మదాబాదులోని సారాభాయి కుటుంబానికి చెందిన గిరా సారాభాయి ఆయనను ఆహ్వానించింది. దేశమంతా చూపిస్తాము, బదులుగా మాకు కొన్ని శిల్పాలు చేసిపెట్టండి అన్నది ఒప్పందం. 1955 జనవరిలో కాల్డర్ తన భార్య లూయిసాతో కలిసి వచ్చి, మూడు వారాలపాటు సారాభాయిల ఆవరణలో పనిచేశాడు. ఫ్రెంచి వాస్తుశిల్పి లె కార్బూసియే కట్టడాలు ఆ నగరంలో తలయెత్తుతున్న రోజులవి. అక్కడ చేసిన మొబైల్స్‌లో ఒకదానికి జామ పేరు, మరొకదానికి దేవగన్నేరు పేరు పెట్టుకొన్నాడు. ఒక శిల్పి పరదేశానికి వచ్చి, ఆ నేలపై పెరిగే చెట్ల పేర్లను తన రచనలకు పెట్టుకొని పోవడం కన్న మిన్నయైన మర్యాద ఏమున్నది?

నిలిచినవి, నడిపించేవి

వయస్సు మీరిన కొద్దీ కాల్డర్ దృష్టి అతివిశాలమైన స్టేబిల్స్ వైపు మళ్ళింది. మాంట్రియాల్‌లో 1967 ప్రపంచ ప్రదర్శనానికి, రంగు వేయని తుప్పుపట్టని ఉక్కుతో 20 మీటర్లకు పైబడిన ఎత్తున 'మానవుడు' అనే శిల్పాన్ని నిలిపాడు. 1969లో గ్రాండ్ రాపిడ్స్ నగరంలో నెలకొల్పిన 'లా గ్రాండ్ వితెస్' 43 అడుగుల ఎత్తు, 42 టన్నుల బరువు. 1974లో షికాగో ప్రభుత్వ భవనాల నడుమ, నల్లని ఆకాశహర్మ్యాల ఎదుట వెలసిన ఎర్రని 'ఫ్లమింగో' 53 అడుగులు. ఇవి కదలవు. కాని వీటి కమానుల క్రిందుగా మనిషి నడుస్తూ ఉంటే, అడుగడుగుకూ వంపులు మారి, మూసినవి తెరచుకొని, తెరచినవి మూసుకొంటాయి. మొబైల్ ఎదుట మనిషి నిలిచి చూస్తాడు. స్టేబిల్ ఎదుట మనిషే మొబైల్ అవుతాడు.

ఉక్కు సయితం శాశ్వతం కాదు. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ వద్ద కాల్డర్ నిలిపిన ఎర్రని స్టేబిల్ 2001 సెప్టెంబరు 11నాటి విధ్వంసంలో నేలకూలింది. శిథిలాలలో దాని ముక్కలు కొన్ని మాత్రం దొరికినవి.

ఏది రక్షణ?

ఇప్పుడు మొదట చెప్పిన చిక్కు వద్దకు వద్దాం. 1958లో పిట్స్‌బర్గ్ ప్రదర్శనానికి కాల్డర్ నలుపు తెలుపులలో ఒక పెద్ద మొబైల్ చేశాడు. దానిని కొన్న దాత స్థానిక ప్రభుత్వానికి బహూకరించగా, విమానాశ్రయంలో వ్రేలాడదీశారు. అంతటితో ఆగక, తమ ప్రాంతపు అధికార వర్ణాలని దానికి ఆకుపచ్చ, బంగారు రంగులు పూశారు. కాల్డర్ అభ్యంతరం చెప్పినా లెక్కచేయలేదు. ఆయన మరణించిన తరువాతగాని ఆ శిల్పానికి దాని రంగులు తిరిగి రాలేదు.

మరొక ఉదంతం వాషింగ్టన్‌ది. అక్కడి హార్ట్ సెనేటు భవనం కోసం 'పర్వతాలూ మేఘాలూ' అనే రచనకు నమూనా సిద్ధం చేసి, తుది సర్దుబాట్లకై 1976 నవంబరులో కాల్డర్ స్వయంగా ఆ నగరానికి వెళ్ళాడు. తిరిగి న్యూయార్క్ చేరిన వెంటనే, నవంబరు 11న కన్నుమూశాడు. ఆ శిల్పం 1986లో వెలసింది. క్రింద నల్లని పర్వతాలు కదలకుండా నిలుస్తాయి. పైన నల్లని మేఘాలు మోటారు సాయంతో తిరగవలెను. కాలక్రమాన మేఘాలు తిరగడం మానినవి. పిమ్మట అవి పడిపోయే ప్రమాదమున్నదని తేలి, 2016లో దించివేశారు. పర్వతాలు మాత్రం అక్కడ మిగిలినవి. చరాచరములలో అచరం బ్రతికి చరం మాయమైన ఆ దృశ్యం, కాల్డర్ కళకు ఉన్న అపాయాన్ని ఏ వ్యాసం కన్నా స్పష్టంగా చెబుతుంది.

అట్లని నిరాశ పడనక్కరలేదు. అదే వాషింగ్టన్‌లో, జాతీయ కళాశాల తూర్పు భవనపు విశాలమైన మధ్యశాలలో, 1977 నుంచి ఒక మహా మొబైల్ తిరుగుతున్నది. రెండు కొసల నడుమ దాని వ్యాప్తి సుమారు 76 అడుగులు. కాల్డర్ తలపెట్టినట్లు ఉక్కుతో చేస్తే అది గాలికి కదలనంత బరువయ్యేది. చిత్రకారుడు మతీస్ మనుమడైన పాల్ మతీస్, తేనెపట్టువలె లోపల గదులుగా ఉండే అల్యూమినియం రేకులను వాడి, మొత్తం బరువును 920 పౌన్లకు దించాడు. ఇప్పుడు ఆ శాలలో మామూలుగా ప్రసరించే గాలియే దానిని త్రిప్పగలుగుతున్నది. శిల్పి కన్నుమూసిన మరుసటి ఏడాది అది కప్పుకెక్కింది. ఉక్కును విడిచి చలనాన్ని నిలుపుకొన్న ఆ నిర్ణయంలో అసలైన రక్షణ ఏదో తెలుస్తున్నది.

డెన్మార్కులోని హుమ్లెబెక్ అనే ఊరిలో సముద్రపు ఒడ్డున లూయిసియానా మ్యూజియమున్నది. అక్కడ పచ్చిక మీద కాల్డర్ శిల్పాలు ఆరుబయట నిలిచి ఉన్నవి. జలసంధి మీదుగా వచ్చే గాలి వాటిని ఏ అనుమతీ అడుగకుండా త్రిప్పుతుంది. ఫిలడెల్ఫియాలో, తాత విగ్రహానికీ మనుమని 'ఘోస్ట్'కూ నడుమ, అదే రాజబాట ప్రక్కన 2025 సెప్టెంబరులో 'కాల్డర్ గార్డెన్స్' తెరిచారు. హెర్జోగ్, ద మ్యూరాన్ అనే స్విస్ వాస్తుశిల్పుల కట్టడం, పీట్ ఔడాల్ఫ్ పెంచిన తోట, రెండూ కలిసి ఆయన కృతులకు ఇల్లయినవి.

ఈ చోట్లలో దేనికి వెళ్ళినా, ప్రేక్షకుడు చేయవలసిన పని ఒకటున్నది. మొబైల్‌ను చూచి, బాగున్నదని తలవూపి, రెండు క్షణాలలో ముందుకు సాగిపోరాదు. మూసిన గదులలో గాలి మెల్లగా నడుస్తుంది. శిల్పం కూడా అంత మెల్లగానే మాట్లాడుతుంది. చేతితో తాకడం, నోటితో ఊదడం ఎక్కడా ఒప్పుకోరు. అందుకు కోపగించుకోనక్కరలేదు, ఉంగరాలు అరిగిపోతే రేపటి చూపరులకు ఏమీ మిగలదు. ఐదు నిమిషాలు ఓపికగా నిలిచి ఉంటే చాలును. ఎవరో తలుపు తీస్తారు. ఎవరో పిల్లవాడు పరుగెత్తుతాడు. ఆ గాలి తగిలి చిట్టచివరి చిన్న రేకు మొదట కదులుతుంది. దాని కదలికకు పై తీగె, ఆ తీగెకు మరొకటి, తుదకు కప్పు నుంచి వ్రేలాడే ఆ లోకమంతా నెమ్మదిగా ప్రక్కకు తిరుగుతుంది.